రాజీ కుదిరిన పిదప వకీలు ఫీజు: తేలిన నిషేధము, తేలని లెక్క

ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల న్యాయస్థానములలో భూసేకరణ పరిహారమో రోడ్డు ప్రమాద పరిహారమో లోక్ అదాలత్‌లో రాజీపై తేలి, ప్రభుత్వముతోనో బీమా కంపెనీతోనో ఏండ్ల తరబడి సాగిన తగవు ముగిసినదని కక్షిదారు ఊపిరి పీల్చుకొను వేళకే, అతనికిని అతని వకీలునకును నడుమ వేఱొక తగవు మొలకెత్తుట అరుదు కాదు. వచ్చిన సొమ్ములో వకీలు వాటా యెంత, చూపిన ఖర్చులు నిజముగా అయినవేనా, నడుమ నడుమ ఇచ్చిన రూకలు ఏ పద్దున జమపడినవి అను ప్రశ్నలపై న్యాయవాదులు ఒక మాటయు, కక్షిదారులు ఒక మాటయు, తీర్పులు మఱియొక మాటయు చెప్పుచుండుటచే వివాదము చిక్కుపడిపోయినది. శాతము చొప్పున ఫీజు చెల్లదని సుప్రీం కోర్టు స్పష్టముగానే చెప్పియున్నది. చెల్లని శాతమునకు బదులు ఎంత చెల్లవలెను, దానిని ఎవరు తేల్చవలెను అను రెండు ప్రశ్నలకు మాత్రము చట్టము నేటికిని సూటిగా బదులీయలేదు. ఈ సమీక్ష ప్రధానముగా ఆ వెలితిని గూర్చినది.

పోయిన భూమి, పెరిగిన పరిహారము

1963లో పోచంపాడు వద్ద శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగినది మొదలుకొని, కాకతీయ కాలువకు, దిగువ మానేరు జలాశయమునకు, 1978లో పునాది పడిన రామగుండము ఎన్‌టీపీసీకి, సింగరేణి ఓపెన్‌కాస్టు గనులకు, ఎల్లంపల్లికి, మధ్య మానేరునకు ఈ ప్రాంతపు రైతుల భూములు విడతలు విడతలుగా పోయినవి. 1894 నాటి భూసేకరణ చట్టములోని 18వ సెక్షను ననుసరించి, అవార్డుతో తృప్తి చెందని రైతు గడువులోగా కోరినచో కలెక్టరు ఆ వివాదమును సివిలు కోర్టుకు పంపవలసి యుండెను. కోర్టు ఆవరణలలో ఎల్‌ఏ ఓపీలని పిలువబడు కేసులు ఇవియే. 1984 సవరణ మూలమున మార్కెటు విలువపై నూటికి 30 వంతున సొలేషియము, ఏటికి 12 వంతున అదనపు మొత్తము, పెంచిన పరిహారముపై తొలి యేడు 9 వంతున, అటుపై 15 వంతున వడ్డీ చేరినవి. కేసు ఎనిమిదేండ్లు సాగినచో వడ్డీయే అసలును మించును. 2014 జనవరి 1 నుండి క్రొత్త చట్టము వచ్చినను, పాత ఓపీల జాడ అంత త్వరగా చెరుగునది కాదు.

భూమి పోయిన రైతుకడ వకీలునకు ముందుగా ఇచ్చుటకు రొక్కము ఉండదు. ఉన్నది రాబోవు పరిహారముపై ఆశ యొక్కటియే. అందుచే “పర్సంటేజీ మీద కేసు” అనునది ఇచ్చట ఆచారమై నిలిచినది. రాజీవ్ రహదారిపైనను, నిర్మలు, ఆదిలాబాదుల మీదుగా పోవు 44వ జాతీయ రహదారిపైనను సంపాదించు మనిషిని పోగొట్టుకొన్న కుటుంబముల స్థితియు ఇట్టిదే. ఇంటి పెద్ద దినకర్మలు ముగియకమునుపే వకాల్తా కాగితము ఇంటికి వచ్చును. అచ్చుపడిన ఆ వకాల్తాలో రాజీ పడుటకును, కోర్టులోని సొమ్ము తీసికొనుటకును అధికారమిచ్చు వాక్యములు ముందే ఉండును. ఫీజు ఎంతయో చెప్పు వాక్యము మాత్రము సాధారణముగా ఉండదు. వివాదమునకు బీజము ఆ ఖాళీలోనే పడుచున్నది.

అది మొలకెత్తునది చెక్ పిటిషన్ నాడు. బీమా కంపెనీ జమ కట్టిన మొత్తమునుండి తమ వాటాను విడుదల చేయుమని కక్షిదారులు వేయు అర్జీకి ఈ పేరు వాడుక. చనిపోయినవాని భార్యకు నాలుగు లక్షలు, మైనరు పిల్లలిద్దరికి రెండేసి లక్షలు చొప్పున ఎనిమిది లక్షలకు రాజీ కుదిరినదనుకొందము. పిల్లల సొమ్ము వారు మేజర్లగు వఱకు బ్యాంకులో ఫిక్సెడు డిపాజిటుగా ఉండును. ఫీజు నూటికి ఇరువది యని మాట యుండినచో, ఎనిమిది లక్షలపై లెక్కగట్టిన 1,60,000 రూపాయలు తల్లి చేతికి వచ్చిన నాలుగు లక్షలనుండియే పోవును. నోటి మాటలో ఇరువదిగా నున్నది ఆమె చేతిలో నలువదియై తేలుచున్నది. ఆమె నోట మోసమను మాట వచ్చును, వకీలు ఒప్పందమును జ్ఞాపకము చేయును. ఇరువురును తమ తమ లెక్కల ప్రకారము నిజమే పలుకుచుందురు.

నియంత్రణ వచ్చినది, పోయినది

ఫీజును నియంత్రింపవలెనను తలపు క్రొత్తది కాదు. కారన్‌వాలిసు కాలమున 1793 నాటి ఏడవ రెగ్యులేషను బెంగాలులో వకీళ్ల ఫీజులను నిర్ణీత పట్టిక ప్రకారము కట్టడి చేసినది. 1846 చట్టము ఆ కట్టు విప్పి, కక్షిదారును వకీలును తమలో తాము ఒడంబడుటకు స్వేచ్ఛ నిచ్చినది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము ఈ రెంటికిని నడుమ నొక త్రోవ త్రొక్కినది: ఫీజు ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండి కోర్టులో దాఖలు కావలెను, ఆ ఒప్పందముపై దావా వచ్చినప్పుడు అది న్యాయమైనదిగా తోపనిచో కోర్టు ఫీజును తగ్గింపవచ్చును, ఒప్పందమునే రద్దు చేయవచ్చును. 1926లో వచ్చిన లీగల్ ప్రాక్టీషనర్ల ఫీజుల చట్టము వకీలు తన ఫీజును ప్రైవేటు ఒప్పందముచే నిర్ణయించుకొని దానికై దావా వేయు హక్కును స్థిరపఱచినది. అదే సమయమున నిర్లక్ష్యమునకు వకీలుపై దావా పడదను రక్షణయు తొలగినది. ఈ మార్పులో వకీలునకు దావా హక్కు దక్కినది, కక్షిదారునకు ఒప్పందము దాఖలు కావలెనను కాపుదల జాఱిపోయినది. చరిత్రను వ్రాయువారు 1926 చట్టమును న్యాయవాద వృత్తికి ఆధునికత తెచ్చినదిగానే పొగడుదురు గాని, ఆ బేరములో పోయినదేమో అంతగా పట్టించుకొనరు.

కరీంనగరు, ఆదిలాబాదులు నాడు నిజాము ఏలుబడిలో నుండుటచే ఈ బ్రిటిషిండియా చట్టములు ఇచ్చట నేరుగా నడువలేదు. ఉర్దూలో సాగిన ఆ కచేరీలలో వకీలు శ్రమకు ఇచ్చు మెహనతానాయు, గెలుపు పిమ్మట సంతోషముతో ఇచ్చు షుక్రానాయు వేఱువేఱు పద్దులు. పోలీసు చర్య పిమ్మట హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలసి, కేంద్ర చట్టములు ఇచ్చటికి విస్తరించినవి. 1961 అడ్వొకేట్ల చట్టము దేశమంతటికిని ఒకే వృత్తి వ్యవస్థను ఏర్పఱచినది.

ఇక శాతపు ఫీజు మాట. వ్యాజ్యమునకు పెట్టుబడి పెట్టి ఫలములో వాటా కోరుటను నిషేధించు ఆంగ్ల న్యాయసూత్రము భారతదేశమునకు యథాతథముగా వర్తింపదని ప్రీవీ కౌన్సిలు 1876లోనే పలికినది. అయినను ఆ సడలింపు వకీళ్లకు లేదు. 1954లో ఒక సీనియరు అడ్వొకేటు విషయమున సుప్రీం కోర్టు, అట్టి ఒప్పందము ఇతరులు చేసికొన్నచో చెల్లవచ్చును గాని న్యాయవాది చేసికొన్నచో వృత్తి దుష్ప్రవర్తన యగునని తేల్చినది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములలోని 20వ నియమము దీనినే శాసనముగా చేసి, ఫలితముపై ఆధారపడిన ఫీజును గాని, వచ్చిన సొమ్ములో వాటాను గాని అడ్వొకేటు కోరరాదని నిషేధించినది.

2017 తీర్పు చెప్పినది, చెప్పనిది

ఈ చర్చకు మూలస్తంభముగా నిలిచిన తీర్పు తెలంగాణనుండియే వచ్చినది. 1998లో రోడ్డు ప్రమాదమున భర్తను పోగొట్టుకొన్న స్త్రీ పరిహారము పొంది, వకీలునకు పది లక్షల రూపాయలు చెల్లించిన పిమ్మట, 2014లో ఇంకను మూడు లక్షలకు చెక్కు వ్రాసి యిచ్చినది. అది చెల్లకపోగా ఆమెపై నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 138వ సెక్షను క్రింద క్రిమినలు కేసు నడచినది. దానిని కొట్టివేయుటకు హైకోర్టు నిరాకరింపగా ఆమె సుప్రీం కోర్టునకు పోయెను. 2017 డిసెంబరు 5న జస్టిస్ ఆదర్శ కుమార్ గోయల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల ధర్మాసనము, వ్యాజ్య ఫలితములో శాతముగా ఫీజు కోరుట కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను ప్రకారము ప్రజాహితమునకు విరుద్ధమనియు, అట్టి బాకీకై వ్రాసిన చెక్కుపై కేసు నిలువదనియు తీర్పు చెప్పినది. లా కమిషను 1988లోనే తన 131వ నివేదికలో ఫీజుల సమస్యను ప్రస్తావించిన సంగతిని ఎత్తిచూపి, ఫీజుల నియంత్రణకు శాసనము అవసరమనియు సూచించినది.

ఆ కేసులో కోర్టు ముందున్న ప్రశ్న మూడు లక్షల చెక్కుకు సంబంధించినది మాత్రమే. శాతపు లెక్క ప్రకారము అంతకుముందే చెల్లించిన సొమ్ము తిరిగి రాబట్టుకొనుటకు కక్షిదారునకు హక్కు కలదా అను ప్రశ్న అందులో తలయెత్తలేదు. శూన్యమైన ఒప్పందము వలన పొందిన లాభమును తిరిగి ఇచ్చివేయవలెనని కాంట్రాక్టు చట్టము 65వ సెక్షను చెప్పుచున్నది. తెలిసి తెలిసి నిషిద్ధమగు ఒప్పందములో చేరినవానికి ఆ సహాయము అందదను సూత్రమును ప్రతివాదులు ఎత్తి చూపుదురు. అక్షరజ్ఞానము లేని రైతునకు 20వ నియమము తెలిసియుండునని భావించుట ఎంతవఱకు న్యాయమో విజ్ఞులు ఆలోచింపవలసియున్నది.

మూడు వాదములు

నిషేధవాదుల మతము సుబోధము. ఫలములో వాటాదారైన వకీలు తన కక్షిదారు హితమును గాక తన వాటాను చూచుకొనును. తక్కువకైనను త్వరగా రాజీ పడుటలో అతనికి లాభము కలదు. ప్రమాద పరిహారము పోయిన ప్రాణమునకు బదులుగా వచ్చునది గాన దానిపై బేరము తగదు. కార్మికుల పరిహారము విషయమున 1923 నాటి చట్టము ఇంకను ముందుకు పోయి, కమిషనరుకడ జమపడిన మొత్తమును ఎవరికిని బదలాయింపరాదనియు, దానికి వ్యతిరేకముగా ఏ బాకీని చెల్లువేసికొనరాదనియు తొమ్మిదవ సెక్షనులో శాసించినది. సింగరేణి కాంట్రాక్టు కార్మికుల కుటుంబములకు ఇది మిక్కిలి ముఖ్యమైన కాపుదల.

ఆచారవాదులు, అనగా వృత్తిలో నున్నవారిలో పెక్కురు, బహిరంగముగా కాకున్నను చెప్పు మాట వేఱు. కేసు ఓడినచో వకీలునకు చిల్లిగవ్వ దక్కదు. పదేండ్లు టైపు ఖర్చులు, బత్తాలు, డాక్టరును సాక్ష్యమునకు రప్పించు ఖర్చులు భరించినవాడు ఆతడే. శాతమును తీసివేసినచో పేదవాని కేసు చేపట్టు నాథుడుండడు. ఈ వాదములో బలము లేకపోలేదు. అడ్వొకేటు కాని అన్యుడు వ్యాజ్యమునకు పెట్టుబడి పెట్టుటకు అడ్డులేదని సుప్రీం కోర్టు 2018లో ప్రసంగవశమున పలికినది. ఊరిలోని వడ్డీ వ్యాపారికి ఒప్పైన పని చదువుకొన్న వకీలునకు తప్పగుట వింతగా కన్పట్టును. కాని పేదవాని మాట ఎత్తువారు 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టము 12వ సెక్షనును మఱచుచున్నారు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. భర్త చనిపోయిన స్త్రీయు, ఆదిలాబాదు ఏజెన్సీలోని గోండు, కొలాము రైతులును అందఱును అర్హులే. ఆ సహాయమునకై నియమితుడగు ప్యానెలు వకీలు వారినుండి పైకము తీసికొనరాదు. ఈ సంగతి రాజీ ముగిసిన పిదప గాక వకాల్తాపై వ్రేలిముద్ర వేయకమునుపే తెలిసినచో వివాదములలో సగము పుట్టకయే పోవును.

మూడవ వాదము లెక్కవాదము. శాతము మంచిదా చెడ్డదా అను తర్కమును ప్రక్కనబెట్టి, వకీలు తన చేతికి వచ్చిన ప్రతి రూకకును పద్దు చూపవలెనని ఇది కోరును. ఈ వ్యాసకర్త మొగ్గు ఈ వాదము వైపే.

ఖర్చుల పద్దు

ఈ వాదమునకు ఆధారము క్రొత్తగా వెదకనక్కఱలేదు. బార్ కౌన్సిల్ నియమములలో 25 మొదలు 30 వఱకు ఉన్నవి చాలును. కక్షిదారు సొమ్మునకు అడ్వొకేటు తేదీలతో లెక్క వ్రాయవలెను. వచ్చిన ప్రతి మొత్తము ఫీజుకా ఖర్చులకా యను వివరము ఉండవలెను. కేసు నడచుచుండగా ఖర్చుల సొమ్మును కక్షిదారు వ్రాతపూర్వక అనుమతి లేనిదే ఫీజు క్రింద మార్చుకొనరాదు. కక్షిదారు తరఫున సొమ్ము వచ్చినచో వీలయినంత త్వరగా తెలుపవలెను. కేసు ముగిసిన పిదప నిర్ణీతమైన ఫీజును చేతిలో మిగిలిన మొత్తమునుండి సర్దుకొనవచ్చును. ఫీజు నిర్ణయింపబడక యుండినచో కోర్టు నియమముల ప్రకారము వచ్చు ఫీజునో, అప్పుడు కుదిరిన ఫీజునో మినహాయించుకొని, తక్కినది తిరిగి ఇచ్చివేయవలెను. కక్షిదారు అడిగినచో, నకలు రుసుము చెల్లించినంతనే లెక్క ప్రతిని ఈయవలెను.

వీనిలో ఫీజు నిర్ణయింపబడని సందర్భమును గూర్చిన 29వ నియమము తగినంత ఆదరణకు నోచుకొనలేదని చెప్పక తప్పదు. శాతపు ఒప్పందము శూన్యమైనచో ఫీజు నిర్ణయింపబడనట్లే కదా! అట్లైనచో, అప్పుడు వేఱుగా ఫీజు కుదురని పక్షమున, కోర్టు నియమముల ప్రకారమైన ఫీజు తప్ప వేఱేదియు మినహాయించుకొనుటకు వీలులేదను అర్థము సహజముగా వచ్చుచున్నది. ధనవ్యాజ్యములలో హైకోర్టు ఫీజు నియమములును దావా విలువను బట్టి మెట్లుమెట్లుగా లెక్క కట్టునవేయని ఆచారవాదులు ఎత్తి పొడువవచ్చును. ఆ లెక్క దావా విలువపైన నున్నది, ఫలముపైన గాదు. ఓడినను గెలిచినను మాఱదు.

ఖర్చుల విషయమున తగవు చిన్న అంకెలలో దాగియుండును. మునుపటి ఉదాహరణములోనే ఖర్చులు 30,000 రూపాయలనుకొందము. ఎనిమిది లక్షలపై ఇరువది శాతము తీసి, పైన ఖర్చులు వేఱుగా తీసినచో కుటుంబమునకు 6,10,000 మిగులును. ఖర్చులు ముందు తీసి మిగిలినదానిపై శాతము కట్టినచో 6,16,000 మిగులును. ఆఱు వేల భేదము లక్షలలో నున్నవారికి అల్పముగా తోచినను, ఏ పద్ధతియో ముందుగా మాటాడుకొనని చోట అదియే విరోధమునకు కారణమగుచున్నది. భూసేకరణ కేసులలో భేదము మఱింత పెద్దది. శాతము కోర్టు పెంచిన మొత్తముపైననా, కేసు వేయకున్నను వచ్చియుండెడి తొలి అవార్డుతో కలిపియా? వడ్డీపైనను శాతము పడునా? కోర్టుల జాప్యము వలన పెరిగిన వడ్డీలో వకీలు శ్రమ ఏపాటిదో ఎవరును చెప్పలేరు.

గడపలు

ఇట్టి తగవునకు కక్షిదారు ఎక్కదగిన గడపలు నాలుగైదు కలవు గాని ప్రతియొకటియు ఒక కొఱతతో కూడినదే. బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘము 1961 చట్టము 35వ సెక్షను ప్రకారము మందలింపవచ్చును, సస్పెండు చేయవచ్చును, జాబితానుండి పేరు తొలగింపవచ్చును. ఫీజు ఎంత న్యాయమో తేల్చి సొమ్మును తిరిగి ఇప్పించు వ్యవస్థ అది కాదు. పైగా అది హైదరాబాదులో నున్నది; 2022 జూన్ 2 నుండి ముప్పది మూడు జిల్లాలకును జిల్లా కోర్టులు ఏర్పడి, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మలు, ఆసిఫాబాదులకు న్యాయము దగ్గఱయైనను, ఈ ఫిర్యాదునకు మాత్రము దూరము తగ్గలేదు. అయినను దాని శిక్షాధికారము కేవలము అలంకారము కాదు. భూసేకరణ పరిహారముగా వచ్చిన 8,118 రూపాయలను కోర్టునుండి తీసికొని కక్షిదారునకు తెలుపక ఉంచుకొన్న అడ్వొకేటు పేరును జాబితానుండి తొలగించుట సమంజసమేయని సుప్రీం కోర్టు 2002లో హరీశ్ చంద్ర తివారీ కేసులో తీర్పు చెప్పినది.

సివిలు దావా వేయుటకు మఱియొక వకీలు కావలెను, ఒకే బార్ అసోసియేషనులో ఒకరిపై ఒకరు కేసు పట్టుటకు వెనుకాడుట లోకసహజము. వినియోగదారుల కమిషనులలో 2007లో జాతీయ కమిషను తీర్పుతో తెఱచుకొన్న తలుపులు, 2024 మే 14న సుప్రీం కోర్టు న్యాయవాద సేవ ఆ చట్టపు పరిధిలోనికి రాదని తేల్చుటతో మూసికొన్నవి. సొమ్ము దిగమ్రింగినచో పోలీసు ఫిర్యాదు చెల్లును గాని ఎంత ఫీజు న్యాయమను ప్రశ్న ఠాణాలో తేలునది కాదు. ఫీజు బాకీకై కేసు కట్టలను పట్టియుంచు హక్కు వకీలునకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేలినది. కాగితములు తిరిగి పొందుటకు కక్షిదారునకు ఇది మంచి ఆయుధము. రాజీయే తన సమ్మతి లేక జరిగినదని వాదించువారికి త్రోవ మఱింత ఇఱుకు: లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు లేదు, ఒక ప్రమాద పరిహారపు కేసులోనే 2008లో సుప్రీం కోర్టు చెప్పినట్లు, పరిమిత కారణములపై హైకోర్టులో రిట్టు మాత్రమే శరణ్యము.

ఇతర దేశములతో పోల్చిచూచినచో మన వెలితి స్పష్టపడును. ఇంగ్లండులో 1974 సొలిసిటర్ల చట్టము ప్రకారము కక్షిదారు తన వకీలు బిల్లును కోర్టు అధికారిచే పరీక్షింపజేసి తగ్గింపించుకొనవచ్చును. అమెరికాలో శాతపు ఫీజు చెల్లును, కాని ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండి కక్షిదారు సంతకము చేసియుండవలెను, ఖర్చులు ముందు తీయుదురో పిదప తీయుదురో అందు చెప్పవలెను, తుదకు లెక్క చీటీ ఈయవలెను. కాలిఫోర్నియాలో కక్షిదారు కోరినచో ఫీజు తగవు మధ్యవర్తి ముందుకు పోవును. ఒకటి నిషేధము లేకయే పర్యవేక్షణ, మఱియొకటి అనుమతితో కూడిన పర్యవేక్షణ. మనకు నిషేధము కలదు, పర్యవేక్షించువాడు లేడు.

ఇంకను తేలనివి

సుప్రీం కోర్టు 1994లో ప్రచురితమైన సూసమ్మ థామస్ కేసులో మైనర్లు, నిరక్షరాస్యుల పరిహారమును బ్యాంకులో భద్రపఱచవలెనని సూచించినది మొదలు, 2025లో పరిహారము నేరుగా హక్కుదారు ఖాతాకే పంపవలెనని ట్రిబ్యునళ్లను ఆదేశించుట వఱకు వచ్చిన మార్పు కొంత మేలు చేయును. సొమ్ము వకీలు చేతి మీదుగా పోకున్నచో లెక్క అడుగు భారము కక్షిదారునుండి వకీలు వైపు మరలును. కాని కక్షిదారును బ్యాంకు వఱకు వెంబడించి, డ్రా చేసిన వెంటనే వాటా తీసికొను పద్ధతిని ఏ ఖాతాయు ఆపజాలదు. అట్లే, న్యాయముగా పనిచేసి ఒక్క రూకయు ముందు తీసికొనని వకీలునకు, ఖాతాలో సొమ్ము పడినంతనే ముఖము చాటువేయు కక్షిదారునుండి తన శ్రమఫలమును రాబట్టుకొను సులభమార్గమును లేదు.

భూసేకరణ కేసులలోనిది ఇంకొక ముడి. రాజీ కాక క్రింది కోర్టు తీర్పుపై ప్రభుత్వము హైకోర్టునకు అప్పీలు పోయినప్పుడు, సగము సొమ్ము జమ కట్టవలెనను షరతుపై స్టే వచ్చుట, ఆ సగమును రైతు తీసికొనుట పరిపాటి. అందులోనుండి శాతము లెక్కన ఫీజు అప్పుడే తీరిపోవును. పిదప హైకోర్టులో పరిహారము తగ్గినచో, లేక అక్కడ తక్కువ మొత్తమునకు రాజీ కుదిరినచో, సివిలు ప్రొసీజరు కోడ్ 144వ సెక్షను క్రింద ఎక్కువగా తీసికొన్నదానిని ప్రభుత్వమునకు తిరిగి కట్టవలసినది రైతు. అప్పటికే ఫీజుగా పోయిన భాగముతో సహా మొత్తమంతయు అతనిపైననే పడును. తాను తీసికొన్న వాటాలో అంత మేరకు వకీలు తిరిగి ఈయవలెనా అను ప్రశ్నకు బార్ కౌన్సిల్ నియమములలో సూటియైన సమాధానము లేదు.